మాటకు మాట: పుట్టినప్పటి నుంచి ఐదేళ్ల దాకా పిల్లలతో ఎలా మాట్లాడాలి

పాపకు రెండేళ్లు దగ్గరపడుతున్నాయంటే చాలా ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. పక్కింటి బాబు గడగడా మాట్లాడేస్తున్నాడు, మన పాప ఇంకా "అమ్మ", "తాత" దగ్గరే ఉంది. ఇక ఒక్కొక్కరిదీ ఒక్కో సలహా. వస పోయమని నాయనమ్మ అంటుంది, రైమ్స్ వీడియోలు పెట్టమని ఇంకొకరు, ప్లే స్కూల్లో వేస్తే మాటలు అవే వస్తాయని మరొకరు. అందరిదీ ప్రేమే. కానీ మాటలు రావడానికి అన్నిటికన్నా బాగా పనిచేసేది పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే ఉంది. పెద్దవాళ్లు బిడ్డకు ఎదురుగా కూర్చుని ఒక మాట అనడం, ఆగడం, బిడ్డ వంతు రానివ్వడం, మళ్లీ మాట అందుకోవడం. వీటిలో మనం ఎక్కువగా మర్చిపోయేది ఆగడం. అందుకే ఈ మార్గదర్శిలో దాని గురించి మళ్లీ మళ్లీ చెప్తాను.

ఎన్ని మాటలు వినిపించాలన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 42 కుటుంబాల ఇళ్లకు సుమారు రెండున్నరేళ్ల పాటు నెలనెలా వెళ్లి, గంటసేపు ఇంట్లో మాటలు రికార్డు చేశారు. 1995లో ఆ వివరాలు ప్రచురించారు. నాలుగేళ్లు వచ్చేసరికి పేద ఇళ్ల పిల్లలు డబ్బున్న ఇళ్ల పిల్లలకన్నా మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని అంచనా కట్టారు. ప్రపంచమంతా ఆ అంకెను పట్టుకుంది. విమర్శలూ గట్టిగానే వచ్చాయి. 42 కుటుంబాలతో అంత పెద్ద లెక్క తేల్చకూడదని, ఇంట్లో తాతలు, అత్తలు, అన్నలు అనే మాటలను సరిగా పట్టించుకోలేదని. ఆ విమర్శ నాకు న్యాయంగానే అనిపిస్తుంది. మన ఇళ్లలో బిడ్డను పెంచేది తల్లి ఒక్కతే కాదు.

2018లో హార్వర్డ్, ఎంఐటీ పరిశోధకులు చేసిన పని ఇంకా ఉపయోగపడుతుంది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు 36 మంది ఇళ్లలో మాటలు రికార్డు చేసి, తర్వాత వాళ్లు కథ వింటున్నప్పుడు మెదడు స్కాన్ తీశారు. పెద్దలకూ పిల్లలకూ మధ్య మాట ఎక్కువసార్లు అటూ ఇటూ నడిచిన ఇళ్ల పిల్లల్లో, భాషకు సంబంధించిన బ్రోకా ప్రాంతం ఎక్కువ చురుగ్గా కనిపించింది. ఇంటి ఆదాయాన్ని, పెద్దలు మాట్లాడిన మొత్తం మాటల సంఖ్యను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది.

మన ఇళ్లలో మాటలకు కరువు లేదు. అయితే ఒక్క పూట బిడ్డతో మనం అనే మాటలు గమనించండి. రా, తిను, నోరు తెరువు, ముట్టుకోకు, పడతావ్, వద్దన్నానా, అంకుల్‌కి హాయ్ చెప్పు. ఇవన్నీ హుకుంలే. బిడ్డ తిరిగి ఏదైనా అనడానికి వీటిలో సందే లేదు. ఇక పెద్దవాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది బిడ్డ చెవిన పడితే చాలులే అనుకుంటాం. స్పానిష్ మాట్లాడే ఇళ్లలో చేసిన పరిశీలన ఒకటి 2013లో వచ్చింది. బిడ్డతో నేరుగా అన్న మాటలే రెండేళ్ల నాటి పదసంపదతో ముడిపడ్డాయి, పక్కన వినిపించిన మాటలకు అలాంటి సంబంధం కనబడలేదు.

మొదటి మెట్టు: చెవి సంగతి తేల్చుకోండి

మాటలకు దారి చెవే. బిడ్డ కడుపులో ఉండగానే వినడం మొదలుపెడుతుంది. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పుట్టి మూడు రోజులు కూడా నిండని పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పాలపీకను ఒక రకంగా చప్పరిస్తే తల్లి గొంతు, ఇంకో రకంగా చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు వినిపించే ఏర్పాటు అది. పిల్లలు తల్లి గొంతు వినిపించేలా చప్పరింపు మార్చుకున్నారు.

అందుకే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే ముందే వినికిడి పరీక్ష చేశారా అని అడగండి. చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి చేసే ఓఏఈ పరీక్షకు నొప్పి ఉండదు, బిడ్డ నిద్రపోతుండగానే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తేడా కనిపిస్తే, శబ్దం చెవి నుంచి మెదడుకు అందుతోందో లేదో చూసే బెరా పరీక్షతో ఖాయం చేసుకుంటారు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు, ఇదీ డాక్టర్లు పాటించే వరుస. నెలలు నిండకుండా పుట్టినా, ఎన్‌ఐసీయూలో ఉన్నా, కామెర్లు బాగా ఎక్కువైనా, మేనరికం అయినా, ఇంట్లో ఇంకెవరికైనా వినికిడి లోపం ఉన్నా ఈ పరీక్షను అస్సలు వాయిదా వేయొద్దు. చప్పట్లు కొడితే తిరిగిందని ఊరుకోకండి. కొంచెం మాత్రమే వినపడే పిల్లలూ పెద్ద చప్పుడుకు తిరుగుతారు, కానీ మాటలోని సన్నటి శబ్దాలు వాళ్లకు అందవు. పెద్దయ్యాక కూడా తరచూ జలుబు చేసి చెవి కారుతుంటే మళ్లీ చూపించాలి.

రెండో మెట్టు: మొదటి ఆరు నెలలు, ముద్దుమాటల కాలం

"ఏం అర్థమవుతుందని మాట్లాడాలి?" అని కొందరు తండ్రులు సిగ్గుపడతారు. గొంతు కాస్త పెంచి, అక్షరాలు సాగదీసి, రాగంగా మాట్లాడే మాటలకు పసివాళ్లు ఎక్కువ సేపు చెవి ఒగ్గుతారని చాలా దేశాల్లో, చాలా భాషల్లో గమనించారు. మన అమ్మమ్మలు ఎవరూ నేర్పకుండానే చేసేది ఇదే. "బువ్వ", "లాల", "బజ్జో", "జేజ" లాంటి మాటలు వాడితే అసలు మాట రాదేమోనని చదువుకున్న తల్లులు కొందరు భయపడుతున్నారు. ఆ భయం అక్కర్లేదు. ఒకే శబ్దం రెండుసార్లు వచ్చే చిన్న మాటలు పట్టుకోవడం బిడ్డకు తేలిక. ఏడాది దాటాక పక్కన అసలు మాట కూడా కలపండి: "బువ్వ తిందామా? వేడి వేడి అన్నం, పప్పు." అయితే చాక్లెట్‌ను "తాక్లెత్" అంటూ పెద్దవాళ్లు కూడా నత్తిగా పలకడం వేరు, దాని వల్ల ప్రయోజనం లేదు.

ఈ వయసులో మాటలకు మంచి సమయం స్నానం. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తున్నప్పుడు బిడ్డ మొహం, మీ మొహం ఎదురెదురుగా ఉంటాయి. నాలుగు నెలల పాపతో ఇలా నడుస్తుంది:

"కాలేదీ? ఇదిగో నా బంగారుతల్లి కాలు! కాలికి నూనె రాస్తున్నానమ్మా."

ఇక్కడ ఆగండి. పాప మీ నోటివైపు చూస్తుంది, కాసేపటికి "ఊఁ" అంటుంది.

"ఊఁ! అవునా? చల్లగా ఉందా నూనె?"

మళ్లీ ఆగండి. కాళ్లు గబగబా ఆడిస్తుంది.

"ఓహో, ఇంకో కాలికీ రాయమంటున్నావా? రాద్దాం, రాద్దాం."

పాప ఒక్క మాటా అనలేదు. అయినా రెండుసార్లు తన వంతు తను తీసుకుంది, రెండుసార్లూ జవాబు అందుకుంది. తను నోరు విప్పితే ఎదుటివాళ్లలో కదలిక వస్తుందన్న సంగతి పాపకు ఇక్కడే తెలుస్తుంది. తర్వాత వచ్చే మాటలన్నిటికీ ఇదే పునాది.

తొలి ఏడాదిలోనే చెవి తన ఇంటి భాషకు అలవాటు పడిపోతుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలకు హిందీలోని "త", "ట" శబ్దాలు వినిపించారు. మన "తాత"కూ "టాటా"కూ మధ్య ఉన్న తేడా లాంటిదే అది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో చాలామంది తేడా పట్టేశారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఎక్కువమందికి ఆ నేర్పు పోయింది. హిందీ వింటూ పెరిగిన పిల్లల్లో అది నిలిచే ఉంది. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు "కాస్త పెద్దయ్యాక తెలుగు నేర్పుదాంలే" అనుకునే ముందు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

మూడో మెట్టు: ఆరు నెలల నుంచి ఏడాది, చూపు ఎక్కడుంటే మాట అక్కడ

బిడ్డ "బబబ", "తతత" మొదలుపెట్టిన రోజు నుంచి మీ పని వెంటనే పలకడం. 2003లో ఒక ప్రయోగంలో కొందరు తల్లులను ఎనిమిది నెలల బిడ్డ శబ్దం చేసిన వెంటనే నవ్వి, దగ్గరికి జరిగి, తట్టమన్నారు. మిగతా తల్లులూ అవే చేశారు, కానీ బిడ్డ శబ్దంతో సంబంధం లేని సమయాల్లో. వెంటనే స్పందన అందుకున్న పిల్లల శబ్దాలు ఆ కాస్త సేపట్లోనే మాటకు దగ్గరగా మారాయి.

రెండో పని, బిడ్డ చూపును వెంబడించడం. మీరు ఇడ్లీ తినిపిస్తున్నారు, బిడ్డ పిట్టగోడ మీది కాకిని చూస్తోంది. "ఇటు చూడు, ఇడ్లీ, ఇడ్లీ" అని గడ్డం పట్టి తిప్పకండి. "కాకి! గోడ మీద వాలింది. కావ్ కావ్ అంటోంది. అదిగో, ఎగిరిపోయింది!" అనండి. మనసు కాకి మీద ఉన్న ఆ క్షణంలో "కాకి" అన్న మాట బిడ్డకు అతుక్కుంటుంది. ఇడ్లీ సంగతి తర్వాతి ముద్దకు చూసుకోవచ్చు.

వేలు పెట్టి చూపడం, టాటా చెప్పడం, దణ్ణం పెట్టడం, "ఫ్యాన్ ఏదీ?" అంటే పైకి చూడటం, దోబూచులాట, ఇవన్నీ మాటకు ముందు వచ్చే మాటలే. బిడ్డ వేలు చూపిన ప్రతిసారీ దాని పేరు చెప్పండి. పన్నెండు నెలలకు ఈ సైగలేవీ లేకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

నాలుగో మెట్టు: ఏడాది నుంచి రెండేళ్లు, ఒక మాటకు ఇంకో మాట కలిపి

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కావాల్సిన వయసు ఇదే. మీరు చేయాల్సిన పనుల్లో మొదటిది, బిడ్డ అన్న మాటను తీసుకుని, దానికి ఇంకో రెండు మాటలు కలిపి తిరిగి ఇవ్వడం.

బాబు "నీలు" అంటాడు. "నీళ్లు కావాలా? చల్లటి నీళ్లు తాగుతావా నాన్నా?" అనండి. "కుక్క పో" అంటే, "అవును, కుక్క వెళ్లిపోయింది. పరుగెత్తుకుంటూ వెళ్లిపోయింది." సరైన మాట వాడికి వినిపించింది, తప్పన్న మాట మాత్రం వినిపించలేదు. "నీలు కాదు, నీళ్లు అను, ఏదీ అను" అని పట్టుబడితే నీళ్ల సంగతి పక్కకు పోయి, అది పరీక్ష అయిపోతుంది. ర, ళ, ష లాంటి శబ్దాలు నిక్కచ్చిగా రావడానికి కొందరికి నాలుగైదేళ్లు పడుతుంది. "కాళ్లు" అనకుండా "కాలులు" అంటే సంతోషించండి. బహువచనానికి "లు" చేర్చాలన్న సూత్రం తనకు తానే కనిపెట్టాడన్న మాట. "అబ్బో, కాళ్లకు మట్టి అయిందా?" అంటే చాలు.

రెండోది ఆగడం. ఒక మాట అన్నాక మనసులో మెల్లగా ఐదు దాకా లెక్కపెట్టండి, అవసరమైతే పది దాకా. పెద్దవాళ్లకు ఈ నిశ్శబ్దం చాలా కష్టం, మధ్యలో దూరి జవాబు కూడా మనమే చెప్పేస్తాం. ఉమ్మడి కుటుంబంలో ఇది ఇంకా ఎక్కువ. బిడ్డ నోరు తెరిచేలోపే నలుగురు నాలుగు వైపుల నుంచి అందిస్తారు. "వాడి వంతు, వాణ్ని చెప్పనిద్దాం" అని ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి.

అడక్కముందే అన్నీ చేతిలో పెట్టేయడం కూడా బిడ్డకు మాట అవసరం లేకుండా చేస్తుంది. మరమరాలు మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ సీసాలో పోసి ఇవ్వండి. తీయలేక మీవైపు చూస్తుంది. "తియ్యనా?" అని ఆగండి. "తీ" అన్నా, చెయ్యి చూపించినా, "ఆఁ" అన్నా వెంటనే తీసివ్వండి. "అరటిపండా, జామకాయా?" అని రెండూ చూపించి అడగండి. కానీ "చెప్తేనే ఇస్తాను" అని ఏడిపించొద్దు, ఆకలితో ఉన్న బిడ్డకు అది పాఠం కాదు.

ఇదేంటి, అదేంటి అని వరసపెట్టి అడగడం తగ్గించండి. ముఖ్యంగా చుట్టాల ముందు "అంకుల్‌కి చెప్పు, ఏ ఫర్?" అని నిలబెట్టడం. జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్న బిడ్డకు సంభాషణ కాదు, అది ప్రదర్శన. మీరు అడిగే ఒక్కో ప్రశ్నకు రెండు మూడు మామూలు మాటలు ఉండేలా చూసుకోండి: "నేను కొత్తిమీర కడుగుతున్నాను. అబ్బ, ఎంత మంచి వాసనో!"

వస్తువుల పేర్లు అందరూ చెప్తారు, పనుల మాటలు మర్చిపోతారు. వాక్యం కట్టాలంటే పని మాట కావాలి. ఇక్కడ తెలుగుకు ఒక వరం ఉంది. కుళాయి నీళ్లు జలజలా కారతాయి, గాజులు గలగలలాడతాయి, దోసె పెనం మీద చుయ్‌మంటుంది, చెంబు బుడుంగున మునుగుతుంది, వాన టపటపా పడుతుంది. శబ్దంలోనే పని కనిపించే మాటలు ఇవి. జపనీస్‌లోనూ ఇలాంటి మాటలు బోలెడు. 2008లో ముత్సుమి ఇమాయ్, ఆవిడ సహచరులు మూడేళ్ల జపాన్ పిల్లలకు ఇలా శబ్దంతో అర్థం స్ఫురించే కొత్త క్రియలు కల్పించి నేర్పితే, మామూలు క్రియలకన్నా తేలిగ్గా పట్టుకుని కొత్త సందర్భాలకూ వాడగలిగారు. వంటింట్లో పని చేస్తూ ఈ మాటలను ధారాళంగా వాడండి. ఇంగ్లిష్ ఫ్లాష్ కార్డుల్లో దొరకని సరుకు ఇది.

ఐదో మెట్టు: రెండు నుంచి ఐదేళ్లు, కబుర్లూ కథలూ

రెండున్నరేళ్ల పాప నాయనమ్మ పక్కన కూర్చుని పచ్చిబఠాణీలు ఒలుస్తోందనుకోండి.

"బుజ్జి గింజ పడింది!"

"అయ్యో, ఎక్కడ పడిందమ్మలూ?"

"మంచం కింద."

"మంచం కిందికి దొర్లిపోయిందా? ఎందుకలా దొర్లిపోయింది?"

కాసేపు ఆలోచన. "గుండంగా ఉంది."

"అవును, గుండ్రంగా ఉంది కాబట్టి దొర్లింది. మరి చిక్కుడుకాయ దొర్లుతుందా?"

పాప చిక్కుడుకాయ తీసుకుని నేల మీద తోసి చూస్తుంది. ఎక్కడా పాఠం చెప్పినట్టు లేదు. కానీ "కింద", "ఎందుకు", "కాబట్టి" అన్నీ వచ్చేశాయి. ఒకదాన్ని ఇంకోదానితో కలిపే ఈ మాటలే రేపు బడిలో చదివింది అర్థం చేసుకోవడానికి కావాలి. ఆ నాయనమ్మకు చదువు రాకపోయినా ఏ లోటూ లేదు. సెనెగల్ దేశంలోని వోలోఫ్ గ్రామాల్లో పసిపిల్లలతో మాట్లాడకూడదని ఒక నమ్మకం ఉండేది. అక్కడి తల్లిదండ్రులకు వాళ్ల భాషలోనే ఊళ్లో తరగతులు పెట్టి, పిల్లలతో ఎలా మాట్లాడాలో చెప్పారు. ఏడాది తర్వాత పెద్దల మాటలు పెరిగాయి, పిల్లల భాష మిగతా ఊళ్ల పిల్లలకన్నా మెరుగైంది. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి.

జరిగిపోయిన వాటి గురించి కూడా మాట్లాడండి. "నిన్న పిన్నీ వాళ్లింటికి వెళ్లాం కదా, అక్కడ ఏం చూశాం?" "దూడ." "ఆఁ, తెల్ల దూడ. అది నీ చెయ్యి నాకింది కదా, అప్పుడు నువ్వేం చేశావ్?" కళ్ల ముందు లేనిదాన్ని మాటల్లో పెట్టడం పెద్ద మెట్టు. రాత్రి పడుకునేటప్పుడు ఆ రోజు ముచ్చట ఒక్కటి చాలు.

కథ చెప్పేటప్పుడు పిల్లల చేత "ఊఁ" కొట్టించుకోవడం మన పాత అలవాటు. అది మానకండి. ఊఁ కొట్టే బిడ్డ వింటున్నట్టు, తన వంతు తీసుకుంటున్నట్టు. కథ తెలిసిపోయాక మధ్యలో ఆపి, "అప్పుడు కోతి ఏమంది?" అని వాళ్లకు వదిలేయండి. బొమ్మల పుస్తకానికీ ఇదే పద్ధతి. అచ్చులో ఉన్నది గడగడా చదివేయడం కాదు, పేజీ తెరిచి బిడ్డ దేన్ని చూస్తే దాని గురించి మాట్లాడుకోవడం. ఇలా చదివితే పిల్లల మాటలు మెరుగవుతాయని 1988 నుంచీ చేసిన ప్రయోగాలు చెప్తున్నాయి. అదే పుస్తకం రోజూ కావాలన్నా విసుక్కోకండి, అదే కథను మళ్లీ మళ్లీ వినడం వాళ్లకు అవసరం.

రెండు, నాలుగేళ్ల మధ్య కొందరు పిల్లలు "నా... నా... నాకు" అని తడబడతారు. చాలామందిలో అది దానంతటదే పోతుంది. "మెల్లగా చెప్పు", "ముందు ఊపిరి పీల్చు" అనకండి, వాక్యం మీరు పూర్తి చేయకండి, మీ మాట వేగమే తగ్గించండి. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, మొహం బిగపట్టి కష్టపడుతుంటే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి.

ఆరో మెట్టు: ఫోను, టీవీ పక్కన పెట్టండి

అమెరికాలోని సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల పిల్లలకు 12 సార్లు చైనా భాష మాండరిన్ వినిపించింది. కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని బొమ్మలతో ఆడుతూ మాట్లాడారు, కొందరికి అదే మనిషి వీడియో, కొందరికి కేవలం ఆడియో. మాండరిన్ శబ్దాల తేడాలను పట్టుకున్నది మనిషితో ఆడిన పిల్లలే. వీడియో చూసిన పిల్లలకు ఏమీ రాలేదు. వీడియో బిడ్డ కోసం ఆగదు, బిడ్డ చూపు ఎటు పోయిందో దానికి తెలియదు.

రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించకూడదని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్లలోపు స్క్రీన్ చూపించొద్దన్నదే మన పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ మాట కూడా, అయినవాళ్లతో వీడియో కాల్ మాత్రం ఫరవాలేదంది. ఊళ్లో ఉన్న తాతయ్యతో వీడియో కాల్‌లో మాటకు మాట ఉంటుంది, అది మంచిదే.

అన్నం తినిపించడానికి ఫోను చేతికిచ్చే ఇళ్లు ఇప్పుడు చాలా. అన్నం వేళ రోజుకు మూడుసార్లు వచ్చే సంభాషణ, దాన్ని పోగొట్టుకోవద్దు. ఒక్కసారిగా మానలేకపోతే రాత్రి భోజనంతో మొదలుపెట్టండి, రెండు మూడు రోజులు ఏడుపు ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. ఎవరూ చూడకపోయినా హాల్లో మోగుతూ ఉండే టీవీ కూడా ఆపండి. అది మోగినంతసేపూ పెద్దల మాటలు తగ్గుతాయి. మీ చేతిలోని ఫోనుకూ ఇదే లెక్క.

ఏడో మెట్టు: ఏ భాషలో?

మీకు ధారాళంగా వచ్చే భాషలో. కోపం, ముద్దు, వేళాకోళం, కథ, అన్నీ ఏ భాషలో తడుముకోకుండా వస్తాయో ఆ భాషలో. తెలుగిళ్లలో చాలామందికి అది తెలుగే. రేపు ఇంగ్లిష్ మీడియంలో ఇబ్బంది పడతాడని భయపడి, మనకు అరకొరగా వచ్చిన ఇంగ్లిష్‌లో "కమ్, సిట్, ఈట్, నో" అని పెంచితే బిడ్డకు దక్కేది ఆ నాలుగు హుకుంలే. ఒక భాషలో కథ చెప్పగలిగిన బిడ్డ రెండోది బడిలో తొందరగా అందుకుంటుంది.

రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్నది నిజం కాదు. బెంగళూరులో తెలుగు, కన్నడ వింటూ పెరిగే బిడ్డ మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టాలి. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిష్ హాయిగా నడుస్తాయి. బిడ్డ ఇంగ్లిష్‌లో జవాబిచ్చినా మీరు తెలుగులోనే కొనసాగించండి, "తెలుగులో చెప్తేనే వింటా" అనొద్దు. బస్సు, ఫ్యాన్, స్పూన్ లాంటి మాటలు కలిసినా నష్టం లేదు, కోస్తా యాసైనా తెలంగాణ యాసైనా నష్టం లేదు.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో టైమ్ లేదన్నది నిజమే. ప్రత్యేకంగా గంట కేటాయించక్కర్లేదు, స్నానం, భోజనం, బట్టలు మడతపెట్టడం, నిద్ర, ఈ నాలుగూ ఎలాగూ చేసేవే. వాటిలో ఒకటి నాన్నది కావాలి. పగలంతా బిడ్డను చూసే అమ్మమ్మకో ఆయమ్మకో కూడా ఈ ఆగే పద్ధతి చూపించండి. మూడేళ్లలోపు పిల్లలతో ఇంట్లో ఆడే ఆటలు, మాటల కోసం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో "నవచేతన" పేరుతో ఒక ప్రణాళిక ఇచ్చింది, మీ అంగన్‌వాడీ టీచర్‌ను అడగండి.

ఎనిమిదో మెట్టు: ఎప్పుడు చూపించాలి, ఎక్కడ చూపించాలి

ముందుగా ఇంటి వైద్యాల సంగతి. వస కొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు వస్తాయన్న నమ్మకం తరతరాలుగా ఉంది. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువుల మీద పరీక్షల్లో అది క్యాన్సర్ తెచ్చినట్టు తేలడంతో అమెరికా 1968లోనే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించింది. పసిపిల్లలకు వాంతులూ పట్టుకోవచ్చు. పెద్దవాళ్ల మాట తీసేయడం కష్టమైనా ఈ ఒక్కటీ గట్టిగా వద్దని చెప్పండి. ఏడాదిలోపు నాలుకకు తేనె రాయడం కూడా వద్దు, దాని వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఇవి కనిపిస్తే ఆగకండి: పన్నెండు నెలలకు "బబబ" లాంటి శబ్దాలూ సైగలూ లేకపోవడం, పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల జత సొంతంగా కట్టకపోవడం, మూడేళ్లకు ఇంట్లోవాళ్లకే మాట అర్థం కాకపోవడం. వచ్చిన మాటలు పోతే ఏ వయసైనా వెంటనే చూపించాలి. "మగపిల్లలకు లేటే", "వాళ్ల నాన్నకూ మూడేళ్లకే వచ్చాయి" అని చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. కొందరు పిల్లల విషయంలో వాళ్ల మాట నిజమవుతుంది కూడా. కానీ మీ బిడ్డ ఆ కొందరిలో ఉందో లేదో ఇంట్లో కూర్చుని తేల్చలేం. చూపిస్తే పోయేదేమీ లేదు, ఆలస్యం చేస్తే మాత్రం విలువైన నెలలు పోతాయి.

మాటలు ఆలస్యమైతే అది తల్లి తప్పు అని ఎవరైనా అంటే నమ్మకండి. వినికిడి లోపం, ఆటిజం, ఇతర ఎదుగుదల సమస్యలు మీరు ఎంత మాట్లాడినా రావచ్చు. అలాంటి పిల్లలకూ ఈ మాటకు మాట పద్ధతి పనికొస్తుంది, కాకపోతే థెరపీతో పాటు.

మొదట పిల్లల డాక్టర్ దగ్గరికి, అక్కణ్నుంచి వినికిడి పరీక్షకు, స్పీచ్ థెరపిస్టు దగ్గరికి. ఖర్చు భారమైతే అంగన్‌వాడీకి వెళ్లండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను ఉచితంగా పరీక్షించి, అవసరమైనవాళ్లను జిల్లాలోని డీఈఐసీ అనే సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధి ఎదుగుదల సమస్యలున్నవాళ్ల కోసం పనిచేసే ఎన్‌ఐఈపీఐడీ, మైసూరులోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ కేంద్ర ప్రభుత్వ సంస్థలు.

వెళ్లేటప్పుడు బిడ్డ అనే మాటలన్నీ, నత్తిగా ఉన్నవి కూడా, ఏ భాషవైనా సరే, ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్నప్పుడు రెండు నిమిషాల వీడియో తీసి పెట్టుకోండి, కొత్త గదిలో డాక్టర్ ముందు చాలామంది పిల్లలు నోరు విప్పరు. పుట్టినప్పటి ఆస్పత్రి కాగితాలు, వినికిడి పరీక్ష రిపోర్టు దగ్గరుంచుకోండి. బిడ్డను రోజంతా చూసేది అమ్మమ్మ అయితే ఆవిణ్ని కూడా తీసుకెళ్లండి, డాక్టర్ అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు ఆవిడ దగ్గరే ఉంటుంది.